చేపల గది మల్సున్

మల్సున్‌కు నీళ్ళంటే భయం లేదు, చెవులే పనికిరాలేదు. పదహారో ఏట తల్లితోపాటు మొదటిసారి లోతుకు మునిగినప్పుడు ఎడమ చెవిలో ఏదో ఫట్‌మంది. పైకి తేలేసరికి మెడ మీదుగా రక్తం కారుతోంది. తల్లి ఆ ఊళ్ళో పేరుమోసిన హెన్యో. ఒక్క ఊపిరితో సముద్రం అడుగుకు దిగి రెండు చేతులా నత్తలు పట్టుకుని లేచే మనిషి. అలాంటి ఆవిడ కూతురు ఒడ్డున కూర్చుని నాచు ఎండబెట్టుకుంటోందంటే, కొరియాకు దక్షిణాన ఉన్న ఆ జేజు దీవి పడమటి ఒడ్డున అది చిన్న తలవంపు కాదు.

"చేపపిల్లకి ఈత నేర్పక్కర్లేదంటారు. దీనికి నేర్పినా రాలేదు," అని తోటి హెన్యోలు నవ్వేవారు. మల్సున్ కూడా వాళ్ళతోపాటు నవ్వేసేది. ఇంటికొచ్చాక మాత్రం ఎవరితోనూ మాట్లాడేది కాదు.

అందుకే ఇరవై ఎనిమిదో ఏట, ఊరికి దగ్గర్లో డాల్ఫిన్ల ఆటలు చూపించే పార్కు పెట్టి చేపలు కోసే మనిషి కావాలన్నప్పుడు, ఆమె మర్నాడు పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. అప్పటికే పెళ్ళయింది. మొగుడు మన్హో, తీరంలో నిలువు వలలు పాతే పడవ మీద కూలీ. ఇద్దరి బట్టలూ చేపల కంపే కనుక ఆ విషయంలో మొగుడూ పెళ్ళాల మధ్య పేచీ రాలేదు.

చేపల గది కొలను వెనకాల ఉండేది. కిటికీ లేదు. ఎండాకాలంలోనూ కాళ్ళు కొంకర్లు పోయే చలి. గడ్డకట్టిన చేపల దిమ్మలు నీళ్ళలో కరిగించి, ఒక్కొక్క కానాగంత చేపనూ చేతిలోకి తీసుకుని చూడాలి. కన్ను ఎర్రబడ్డా, పొట్ట చీలినా పక్కన పడేయాలి. మనిషి నోట పెట్టుకోలేనిది డాల్ఫిన్ నోటా పెట్టకూడదన్నది ఆమెకు ఎవరూ చెప్పని నియమం. తర్వాత మొప్పల సందులో బలం మాత్రలు దూర్చి, ఏ డాల్ఫిన్ భాగం దాని పేరున్న బకెట్లో సర్దాలి. రోజుకు మూడు ఆటలు. చొక్కాకు మైకు తగిలించుకుని నీళ్ళ పక్కన గెంతేవాళ్ళు వేరే ఉన్నారు. మొదటి నాలుగేళ్ళు ఆమె ఒక్క ఆటా పూర్తిగా చూడలేదు. గోడ అవతల పాట వినిపించేది, జనం హోరు వినిపించేది. ఏ చప్పట్లు ఏ డాల్ఫిన్ ఎగిరినందుకో చూడకుండానే చెప్పేది.

ఒక వసంతకాలం సాయంత్రం మన్హో అన్నం ముందు కూర్చుని, "ఇవాళ వలలో ఒక పిల్ల డాల్ఫిన్ పడింది. మా ఓనరు మీ పార్కుకి ఫోన్ చేశాడు. గుడ్డలో పెట్టి మేమే మోసుకెళ్ళాం. రేపట్నించి నువ్వే మేపాలి," అన్నాడు. ఏదో గొప్ప పని చేసొచ్చిన వెలుగు అతని మొహంలో ఉంది.

"ఇంకో నోరా! ఉన్న ఏడింటికి కోసేసరికే నా నడుం విరుగుతోంది," అంది మల్సున్.

ఇద్దరూ నవ్వుకున్నారు. మూడో రోజు తల్లి వచ్చింది. తడి జుట్టు ఇంకా ఆరలేదు. గుమ్మంలోనే నిలబడి అల్లుడితో అంది.

"దాని తల్లి ఆ వల దగ్గరే తిరుగుతోందయ్యా. డాల్ఫిన్లు వస్తే 'కిందనుంచి పోండమ్మా, కిందనుంచి పోండి' అని కేకేస్తాం, అవి పోతాయి. నలభై ఏళ్ళుగా చూస్తున్నా. ఇది పోదు. మేం మునగలేకపోతున్నాం."

మన్హో పళ్ళెంలోకి చూస్తూ, "నేను కూలోణ్ణి అత్తా. ఓనరు పట్టుకోమంటే పట్టుకున్నా," అన్నాడు.

"నిన్నేమన్నాను? సంగతి చెప్పానంతే," అని ఆవిడ వెళ్ళిపోయింది. ఆ తల్లి డాల్ఫిన్ ఎన్నాళ్ళు తిరిగిందో మల్సున్ అడగలేదు. తల్లి కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పిల్లకు బోమి అని పేరు పెట్టారు. వీపు రెక్క మీద నాలుగు అంకె వేశారు. బోమి తొమ్మిది రోజులు ఏమీ తినలేదు. సముద్రంలో బతికున్న చేపను తరిమి తినే జీవానికి చచ్చిన చేప తిండని ఎలా తెలుస్తుంది? మైకు మనుషులు ఈలలు ఊదారు, బుజ్జగించారు, నోరు తెరిచి గొట్టంతో పోశారు. పదో రోజు మల్సున్ బకెట్లు కడుక్కుని పోతూ, వెనక తొట్టి దగ్గర ఆగి, ఒక కానాగంతను తోకతో పట్టుకుని నీళ్ళ మీద టపటపా కొట్టింది. చేప కొట్టుకుంటున్నట్టు. బోమి వచ్చింది. తల ఎడమ పక్కకు వాల్చి, ఒక కంటితో ఆమెను కిందినుంచి పైదాకా చూసి, చేపను అందుకుంది.

ఆ రోజు మల్సున్ ఏడ్చింది. జీవితంలో మొదటిసారి సముద్రపు సంగతి ఒకటి తన చేతుల మీదుగా జరిగిందనిపించింది. మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బోమి బకెట్ మరొకరు ముట్టుకుంటే మల్సున్ ఒప్పుకునేది కాదు.

కాలం ఒక్కరోజులో మారలేదు. ముందు బడిపిల్లల బస్సులు తగ్గాయి. తర్వాత గేటు దగ్గర ఇద్దరు అమ్మాయిలు 'డాల్ఫిన్లను వదలండి' అని రాసిన అట్టముక్కలు పట్టుకుని నిలబడ్డారు. మరుసటేడు వాళ్ళు యాభైమంది అయ్యారు. అక్రమంగా వలల్లోంచి డాల్ఫిన్లు కొన్నారని కేసు నడిచింది. మన్హోను రెండు రోజులు కూర్చోబెట్టి అడిగారు. పడవ ఓనరుకు జరిమానా పడింది. మన్హోను ఏమీ అనలేదు, కానీ ఇంటికొచ్చి రబ్బరు బూట్లు పెరటి రాతిగోడ మీద బోర్లించాడు. మళ్ళీ వాటిని తొడగలేదు. వెల్లుల్లి చేలో పనికి కుదిరాడు.

ఒకప్పుడు ఉచిత టికెట్ల కోసం ఇంటికొచ్చే చుట్టాలు ఇప్పుడు, "ఇంకా అక్కడే చేస్తున్నావా?" అని గొంతు తగ్గించి అడిగేవారు. జుట్టు కత్తిరించే దుకాణంలో కొత్తమనిషి ఎక్కడ పనని అడిగితే మల్సున్ చేపల కంపెనీ అని చెప్పడం మొదలుపెట్టింది.

కూతురు దాహీ పెళ్ళి కుదిరి రెండు కుటుంబాలూ భోజనానికి కలిసినప్పుడు సంగతి ఇంకా దూరం పోయింది. పెళ్ళికొడుకు తల్లి సముద్రం అవతలి ప్రధానభూమి మనిషి, నెమ్మదస్తురాలు. సూపు గిన్నె మీద మూత తీస్తూ, "దాహీ చెప్పింది, మీరు హోటల్ వంటింట్లో చేస్తారటగా వదినగారూ. పెద్ద హోటలేనా?" అంది.

మల్సున్ కూతురి వంక చూసింది. దాహీ గిన్నెలోకి చూస్తోంది.

"పెద్దదే. రోజుకి నలభై కిలోల చేప కోస్తాను."

"అబ్బో! అంతమంది వస్తారా?"

"వచ్చేవాళ్ళు తగ్గారుగానీ, తినేవాళ్ళు తింటూనే ఉన్నారు. ఎంత పెట్టినా బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు."

మన్హోకు పొలమారింది. ఆవిడ మంచినీళ్ళు అందిస్తూ, "అలాంటివాళ్ళకి వండడమే కష్టం," అని జాలిపడింది.

బయటికొచ్చాక దాహీ తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, కోపమా?"

"కోపమెందుకు? అబద్ధమేం చెప్పావు, వంటిల్లేగా," అంది మల్సున్. చెయ్యి మాత్రం మెల్లగా విడిపించుకుంది.

ఆ చలికాలంలో పార్కులో రెండు డాల్ఫిన్లు వారం తేడాలో పోయాయి. అంతకుముందు పోయినవాటి ఊసు బయటికి రాలేదు. ఈసారి అన్ని పత్రికల్లోనూ వచ్చింది. జనాన్ని డాల్ఫిన్ల మీద ఎక్కించడం, వాటిని తాకనివ్వడం కూడదని చట్టం వచ్చింది. కొత్తవాటిని తేవడానికీ లేదు. మిగిలింది బోమి ఒక్కతే. పార్కువాళ్ళు కొలను ఎండబెట్టి, గోడల మీద వెలుగుతో చేసిన తిమింగలాలను ఆడిస్తామన్నారు. బోమిని సముద్రంలోకి వదలాలని ప్రభుత్వం వేసిన కమిటీ తీర్మానించింది.

ఆ పని చూడ్డానికి వచ్చిన పశువైద్యురాలు ప్యో. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, నిద్ర చాలని కళ్ళు. దీవి మనిషే కనుక మల్సున్‌ను, పెద్దవాళ్ళందర్నీ పిలిచినట్టే, సంచున్ అని పిలిచింది.

"మీరు కూడా రావాలి సంచున్. అది తింటోందో నటిస్తోందో మీకు తెలిసినట్టు మాకు తెలీదు. కానీ ఒక షరతు. మీ మొహం దానికి కనపడకూడదు. గొంతు వినపడకూడదు."

"ఎన్నాళ్ళు?"

"ఇక ఎప్పటికీ. మనిషి దగ్గర తిండి ఉంటుందన్న మాట అది మర్చిపోవాలి."

మల్సున్ చేతులు తుడుచుకుంది. "ఆ మాట నేర్పింది నేనేనమ్మా," అంది.

"అందుకే మర్పించడం కూడా మీవల్లే అవుతుందనుకుంటున్నా."

రేవుకు అవతల, అలలు తక్కువున్న చోట గుండ్రని వల గూడు కట్టారు. దాని పక్కన తేలే చెక్కల మీద నల్లగుడ్డ తెర. తెర వెనక గొట్టంలోంచి బతికున్న చేపల్ని నీళ్ళలోకి జార్చాలి. గుడ్డలో వేలెడు సందు. మల్సున్ ఆ సందులోంచి చూసి, ఎన్ని చేపలు వదిలితే ఎన్ని తిందో ప్యోకు చెప్పాలి.

మొదటి వారం బోమి చేపల్ని పట్టించుకోలేదు. తెర ముందుకొచ్చి, తల పైకెత్తి ఎడమకు వాల్చి, నోరు తెరిచి నిలబడేది. పది నిమిషాలు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. మల్సున్ తెరకు ఇవతల, గజం దూరంలో, ఊపిరి బిగబట్టి కూర్చునేది. తల్లిలాగా ఊపిరి బిగబట్టడం ఆమెకు ఇన్నాళ్ళకు వచ్చింది. రెండో వారం బోమి ఒక చేపను తరిమింది, పట్టింది, వదిలేసింది. మూడో వారం మింగింది. ప్యో చప్పుడు కాకుండా ఎగిరి గంతేసింది. ఆ రోజు ఇంటికెళ్ళి మల్సున్ మొగుడితో, "ఇవాళ నా మొహం చూడకుండా తింది," అంది. మన్హోకు అది మంచివార్తో చెడ్డవార్తో అర్థం కాక, అన్నం వడ్డించుకుని తిన్నాడు.

జూలైలో గాలివాన పట్టింది. గూడు ఊగిపోయింది. బోమి మళ్ళీ తినడం మానేసింది. ఒకరోజు, రెండ్రోజులు, నాలుగు రోజులు. ప్యో రాజధాని సియోల్‌లో కమిటీకి నివేదిక ఇవ్వడానికి వెళ్ళింది, విమానాలు ఎగరక అక్కడే చిక్కుకుంది. బోమి వీపు మీద, తల వెనకాల పల్లం పడింది. అలా పల్లం పడితే ఏమవుతుందో ఆ చలికాలం రెండుసార్లు చూసిన మనిషి మల్సున్.

అయిదో రోజు పొద్దున ఆమె ఇంటి నుంచి ఒక డబ్బాలో కానాగంతలు తెచ్చింది. తెర పక్కకు తీసింది. కానాగంతను తోకతో పట్టుకుని నీళ్ళ మీద టపటపా కొట్టింది.

బోమి రావడం మామూలుగా రాలేదు. నీళ్ళు చీల్చుకుంటూ వచ్చింది. ఆమె చేతికి ముట్టె ఆనించి, చేప తీసుకోకముందే ఒక చిన్న కూత పెట్టింది. "తిను, తినవే తల్లీ. తిని నన్ను మర్చిపో," అంది మల్సున్. గొంతు కూడా వినపడింది. ఏ నియమమూ మిగల్లేదు.

మూడు రోజులు అలా పెట్టింది. నాలుగో రోజు వాన వెలిసింది, బోమి తనంతట తానే బతికున్న చేపల వెంట పడింది. తిరిగొచ్చిన ప్యో సందులోంచి చూసి మల్సున్ భుజాలు పట్టుకుంది.

"చూశారా సంచున్! ఆకలే నేర్పుతుంది!"

మల్సున్ బకెట్ కడగడానికి వంగింది.

వదిలిన రోజు చాలామంది వచ్చారు. గేటు దగ్గర అట్టముక్కలు పట్టుకున్న అమ్మాయిల్లో ఒకామె, ఇప్పుడు చంకన బిడ్డతో, ఏడుస్తూ నిలబడింది. వల ఒక పక్క దించారు. అవతల డాల్ఫిన్ల గుంపు పోతోంది. బోమి వెళ్ళలేదు. నల్లతెర వైపు తిరిగి నలభై నిమిషాలు అక్కడక్కడే తిరిగింది. విలేఖరులు గడియారాలు చూసుకున్నారు. తర్వాత ఉన్నట్టుండి మునిగింది. దూరంగా తేలినప్పుడు దాని పక్కన ఇంకో రెండు వీపులున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మల్సున్ ఆ చప్పట్లను తెర వెనక నుంచే వింది.

ఆగస్టులో రెండుసార్లు గుంపుతో కనిపించిందని ప్యో కబురు చెప్పింది. సెప్టెంబరులో కబురు లేదు. అక్టోబరులో దాహీ నుంచి మల్సున్ ఫోనుకు ఒక వీడియో వచ్చింది. 'చూడమ్మా, ఎంత ముద్దుగా ఉందో' అని రాసింది.

గాలాలు వేసుకునే పడవ. నలుగురు మగవాళ్ళు నవ్వుతున్నారు. "ఒరేయ్, ఇది చెయ్యి చాపితే వచ్చేస్తోందిరా! సోజు మందు పొయ్యనా దీనికి?" అంటున్నాడొకడు. పడవ పక్కన, మోటారుకు రెండు మూరల దూరంలో, ఒక డాల్ఫిన్ తల పైకెత్తి ఎడమకు వాల్చి నోరు తెరిచి ఉంది. రెక్క మీద నాలుగు.

మల్సున్ ఫోను నేలమీద పెట్టింది. ఆ వీడియో మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాత బోమిని చూసినవాళ్ళు లేరు. వీపు మీద మోటారు రెక్కల గాటు పడిన డాల్ఫిన్‌ను దక్షిణాన చూశానని ఒక పడవ కెప్టెన్ అన్నాడు. దాని రెక్క మీద అంకె ఉందో లేదో అతను గమనించలేదు.

నవంబరు చివర్లో మల్సున్ రేవు దగ్గరున్న ప్యో గదికి వెళ్ళింది. ప్యో కాఫీ కలిపి ఇచ్చింది. మల్సున్ తాగలేదు. గాలివాన సంగతి, డబ్బా సంగతి, మూడు రోజుల సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. ప్యో మొహం మెల్లగా గట్టిపడింది.

"నాకు ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"చేస్తే వద్దంటావు."

"అంటాను!" ప్యో గొంతు లేచింది. "వద్దనే అంటాను! ఇంకో రెండ్రోజులు చూసేవాళ్ళం కదా సంచున్!"

"ఇంకో రెండ్రోజులకి అది ఉండేదా?"

ప్యో కిటికీ దగ్గరికి వెళ్ళి రేవు వైపు తిరిగింది. "మీ చెయ్యి లేకపోతే గూట్లోనే పోయేదేమో. మీ చెయ్యి ఉండబట్టే పడవ దగ్గరికి వెళ్ళిందేమో. పద్దెనిమిదేళ్ళ అలవాటు మూడు నెలల్లో పోతుందనుకున్న మా తెలివే తక్కువేమో. నాకు తెలీదు," అంది. తర్వాత మెల్లగా, "ఇది నేను నివేదికలో రాయాలి," అంది.

"రాయి. నా పేరు కూడా రాయి. ఇంకెక్కడైనా ఇంకోదాన్ని వదిలేటప్పుడు, నాలాంటిదాన్ని తెర వెనక ఒంటరిగా కూర్చోబెట్టకూడదని రాయి."

ఇంటికొచ్చి మన్హోకూ చెప్పింది. అతను వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తూ విన్నాడు. "వలలోంచి ఎత్తినప్పుడు అది నా మోచేతి మీద తల పెట్టింది. బరువుగా, వెచ్చగా ఉండింది. నేను నీకెప్పుడూ చెప్పలేదు," అన్నాడు. అంతే, ఇద్దరూ ఒలవడంలో పడ్డారు.

మరుసటేడు మార్చిలో ప్యో ఫోన్ చేసింది. దీవికి తూర్పున మూతపడ్డ ఇంకో పార్కులో తోరి అనే ముసలి డాల్ఫిన్ ఉంది. ఆటలు లేవు, జనం లేరు. ఉన్న ఇద్దరు పనివాళ్ళలో ఒకతను మానేశాడు. కొత్తవాళ్ళెవరూ రావడం లేదు. అక్కడ పనంటే ఊళ్ళో మొహం చెల్లదు.

"దాన్ని వదులుతారా?" అంది మల్సున్.

"లేదు సంచున్. ఒక కన్ను లేదు, పళ్ళు అరిగిపోయాయి. ఇలాంటివాటికి సముద్రంలో ఒక మూల వల కట్టి ఆశ్రయం కడతామన్నవాళ్ళు ఏడేళ్ళుగా కడతామంటూనే ఉన్నారు."

"ఎన్నాళ్ళు బతుకుతుంది?"

"పదేళ్ళు కూడా బతకొచ్చు."

మల్సున్‌కు యాభై ఎనిమిది నిండాయి. "అయితే ఎవరు ముందో చూద్దాం," అంది. అవతల ప్యో నవ్వలేదు.

మొదటిరోజు మన్హో చిన్న ట్రక్కులో తీసుకెళ్ళాడు. గేటు మీద ఎప్పుడో ఎవరో ఎర్రరంగుతో రాసిన తిట్లు సగం చెరిగి ఉన్నాయి. రెండువేలమంది కూర్చునే మెట్ల మీద కుర్చీల నీలిరంగు వెలిసి తెల్లబడింది. కొలనులో తోరి ఒక్కతే, ఎప్పుడూ కుడివైపే తిరుగుతూ, గోడ వెంబడి ఈదుతోంది.

పిల్ల బోమిని మోసుకెళ్ళిన రోజు తర్వాత ఇన్నేళ్ళలో మన్హో ఏ పార్కులోనూ అడుగు పెట్టలేదు. ఇప్పుడు చేపల పెట్టె మోసుకుని వచ్చి, కొలను అంచున ఆగిపోయాడు. తోరి తిరగడం ఆపి, ఉన్న ఒక్క కంటితో అతన్ని చూసింది. మన్హో ఒక అడుగు వెనక్కి వేశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అక్కడ నిలబడితే చేపలు కరిగిపోతాయి, ఇటు తీసుకురా," అని మల్సున్ లోపలినుంచి కేకేసింది.

ఆ గదికీ కిటికీ లేదు. కుళాయి మొండికేసి నాలుగో తిప్పుకు గానీ నీళ్ళు రాలేదు. ఆమె ఏప్రాన్ కట్టుకుని మొదటి కానాగంతను చేతిలోకి తీసుకుని బల్బు వెలుతురుకు ఎత్తి చూసింది. కన్ను ఎర్రగా ఉంది. పక్కన పడేసి రెండోది తీసింది.